తెల్ల కవర్లు వేసిన కారు

మా రెండో కారు కొనడానికి కారణం మా ఆవిడ ఎత్తు.

మొదటి కారు డెబ్భైల చివర, నేను సన్నీవేల్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. పెద్ద స్టేషన్ వాగన్. పక్కల చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ రేకు అతికించి ఉండేది. ముందు బానెట్ పడవంత పొడుగు. వెనక సీటు మడిస్తే ఒక కాపురం సామానంతా పట్టేది. అప్పట్లో మా వైపు తెలుగువాళ్లు తక్కువ. ఇండియా నుంచి ఎవరింటికి ఎవరు దిగినా విమానాశ్రయానికి మా బండే వెళ్లేది. కొనేటప్పుడు నేను చూసింది కూడా అదే, ఎన్ని సూట్‌కేసులు పడతాయని. తెలిసిన మిత్రులందరూ కారుని అలాగే కొలిచేవాళ్లు. నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ ఆ స్టీరింగ్ వెనక ఒకే ఒకసారి కూర్చుంది. కూర్చుని, కాసేపు ముందుకు చూసి, "ఇక్కణ్ణుంచి నాకు బానెట్ తప్ప ఇంకేం కనిపించడం లేదండీ" అని దిగిపోయింది.

ఎనభైలు మొదలయ్యాక ఆమెకు ఉద్యోగం వచ్చింది. దాని గురించి కొంచెం చెప్పాలి. ఆమె విశాఖపట్నంలో మైక్రోబయాలజీ చదివింది. పెళ్లై ఇక్కడికి వచ్చాక ఆ చదువు ఉన్నదున్నట్టు ఇక్కడ చెల్లదన్నారు. కొన్నాళ్లు బట్టల కొట్లో పని చేసింది. తర్వాత మా అమ్మాయి పుట్టింది. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక ఆమె సాయంత్రం క్లాసులకు వెళ్లింది. నేను వాగన్‌లో దింపి, మళ్లీ తీసుకొచ్చేవాణ్ణి. క్లాసులు, పరీక్షలు, ట్రైనింగు అన్నీ అయ్యి, ల్యాబ్‌లో పని చేయడానికి కావలసిన కాగితం చేతికి రావడానికి కొన్నేళ్లు పట్టింది. అది వచ్చిన రోజు ఆమె పాయసం చేసిందని డైరీలో ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఆ రోజుకి అంతకంటే ఏమీ రాయలేదు.

శాంటా క్లారాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చోటు ఖాళీ అయిందని కబురు తెచ్చింది అక్క. అక్క మాకు చుట్టం కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు, మా అపార్ట్‌మెంట్లలోనే పై అంతస్తులో ఉండేది. అదే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఆదివారాలు ఒకరింట్లో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్లేది. అక్కడి అలవాటు కొద్దీ నన్ను "బ్రదర్" అని పిలిచేది. మా ఆవిడ ఆమెను అక్కా అనేది, నేను అక్కగారూ అనేవాణ్ణి, మా అమ్మాయి ఆంటీ అనేది.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. పైనెల మొదటి సోమవారం పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలన్నారు. ఆ రోజు రాలేకపోతే వరసలో ఉన్న తర్వాతి మనిషిని తీసుకుంటామని కూడా మర్యాదగానే చెప్పారు. ఆ వేళకు మా వీధిలో బస్సు తిరగదు. నేను అటు దింపి, వెనక్కొచ్చి, పాపని బడికి పంపి, నా ఆఫీసుకు వెళ్లడం కుదిరే పని కాదు. అక్క డ్యూటీ దిగేది మా ఆవిడ డ్యూటీ ఎక్కాక. అంటే ఆమె తనే నడుపుకుంటూ వెళ్లాలి. ఆమె చేతిలో ఉన్నది నేర్చుకునేవాళ్లకిచ్చే పర్మిట్ ఒక్కటే. లైసెన్సు ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ సోమవారానికి ముందు గురువారం ఒక తారీఖు దొరికింది. అది తప్పితే మళ్లీ దొరికేది ఆ సోమవారం దాటాకే.

వాగన్‌లోనే దిండు వేసుకుని నేర్చుకోమన్నాను నేను. ఉన్న బండి ఉండగా ఇంకోటి ఎందుకని నా ఆలోచన. ఆ మాట అన్నప్పుడు అక్క మా వంటింట్లో నిలబడి టీ తాగుతోంది.

"బ్రదర్, మీ చొక్కా తనకిచ్చి చేతులు మడుచుకోమంటారా?" అంది.

"చొక్కాకీ కారుకీ పోలికేంటి అక్కగారూ?"

"చొక్కా వదులైతే ఎవరూ చావరు."

ఆ వారమే కారు వెతకడం మొదలుపెట్టాం.

కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పాత కారు కొనేముందు నన్ను అడగడం తర్వాతి కాలంలో మామూలైపోయింది. వాళ్లకి నేను చెప్పే మాటల్లో చాలా భాగం ఆ వెతుకులాటలో తెలిసినవే. కారుని పగటి పూట, ఎండలో చూడాలి. వాన నీళ్లు రంగు మీది గీతల్నీ సొట్టల్నీ దాచేస్తాయి. మనం వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలి. మేం చూసిన మొదటి కారు ఎర్రగా మెరిసిపోతోంది. అమ్మే ఆయన బాగా మాట్లాడుతున్నాడు. నేను బానెట్ మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది. ఎక్కడికైనా వెళ్లొచ్చారా అంటే లేదన్నాడు. అంటే మేం వచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట. చల్లటి ఇంజను మొరాయించే బండిని అలాగే అమ్ముతారు. థాంక్యూ చెప్పి వచ్చేశాం. టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయో లేదో చూడాలి, ఒకటి ఒక పక్కనే అరిగితే కింద ఏదో వంగినట్టు. గేర్‌బాక్స్ ఆయిల్ పుల్లతో తీసి వాసన చూడాలి, మాడిన వాసనొస్తే వదిలెయ్యాలి. బండి కాగితంలో ఉన్న పేరూ అమ్మే మనిషి పేరూ ఒకటేనా అని అడగడానికి మొహమాటపడకూడదు. అన్నీ నచ్చాక కూడా, అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ దగ్గరికి కాక మనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, పైకెత్తించి కింద చూపించుకోవాలి.

ఇవన్నీ నేను చూశాను. మా ఆవిడ ఇంకోటి చూసింది. ఏ కారు దగ్గరికి వెళ్లినా ముందు డ్రైవర్ సీట్లో కూర్చునేది. రెండు కాళ్లూ పెడల్స్ మీద మడమలతో సహా ఆనుతున్నాయా, స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనిపిస్తోందా, మెడ తిప్పితే వెనక అద్దంలోంచి ఏం కనిపిస్తోంది. కూర్చుని నన్ను కారు ముందుకు వెళ్లి నిలబడమనేది.

"ఇంకా దగ్గరికి రండి. ఇంకా. ఇప్పుడు మీ బెల్టు కనిపిస్తోంది. ఇంకొంచెం. ఊఁ, ఇప్పుడు తల ఒక్కటే. ఇది వద్దు."

సన్నీవేల్‌లోనే ఒక స్కూలు టీచర్ దగ్గర దొరికింది మాకు కావలసింది. నాలుగు తలుపుల చిన్న జపాను కారు, లేత గోధుమ రంగు. ఆటోమేటిక్ గేరు. నేను ఆ టీచర్ని ఇంజను గురించి అడగాల్సినవన్నీ అడిగాను. ఆవిడ ఓపిగ్గా జవాబులు చెప్పింది. లోపల కూర్చున్న మా ఆవిడ తల బయటికి పెట్టి ఆవిడ ఎత్తెంత అని అడిగింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూసుకున్నారు. టీచరే అంగుళం పొట్టి. బేరం అక్కడే తేలిపోయింది. మెకానిక్ చూసి బాగుందన్నాక డబ్బు కట్టి తెచ్చుకున్నాం.

శుక్రవారం పొద్దున పార్కింగ్ చోటులో పూజ చేశాం. పసుపు, కుంకుమ, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ పార్కింగ్ అంచున సిమెంటు దిమ్మ మీద కొట్టాను. అక్క డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, తెల్ల బూట్లతోనే నిలబడి చూసింది.

"ఆంటీ, వై ఆర్ వుయ్ రన్నింగ్ ఓవర్ లెమన్స్?" అని అడిగింది మా అమ్మాయి.

"మీ నాన్ననడుగమ్మా. ఆయన ఇంజినీరు కదా."

నేను ఏదో చెప్పబోయేలోగా అక్కే మా ఆవిడతో, "నేనూ ఒక చిన్న ప్రార్థన చేస్తాను, ఏమనుకోవుగా?" అంది.

"చెయ్యక్కా. రెండు వైపుల నుంచీ ఉంటే ఇంకా మంచిది."

అక్క బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, నడిపేవాళ్ల కోసం, ఎదురొచ్చేవాళ్ల కోసం, రోడ్డు దాటేవాళ్ల కోసం చాలాసేపు ప్రార్థన చేసింది. మా ఆవిడ ఆమెన్ అంది. మా అమ్మాయి కొబ్బరి ముక్క తింటూ కాస్త ఆలస్యంగా ఆమెన్ అంది. తర్వాత నిమ్మకాయల మీంచి బండి నేను ముందుకు తీశాను.

నేర్పే పని మొదట నేనే పెట్టుకున్నాను. ఒక పద్ధతి ప్రకారం పాఠాలు తయారుచేశాను. మొదటి రోజు బ్రేకు, రెండో రోజు స్టీరింగు, అలా. మూడో రోజు మలుపు దగ్గర ఆమె కారాపి, తాళం చెవి తిప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది?"

"మీరు చెప్పడం అయ్యాక తిప్పుదామని."

"తిప్పుతూ వినాలి."

"వింటే తిప్పలేను. తిప్పితే వినలేను. ఏదో ఒకటి చెప్పండి."

ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. మర్నాడు ఆమె మెట్లెక్కి అక్క తలుపు కొట్టింది. అప్పటి నుంచి అక్క రాత్రి డ్యూటీ దిగి నాలుగు గంటలు పడుకుని లేచి, మధ్యాహ్నాలు ఆమెకు నేర్పింది. ఆ పాఠాల్లో ఏం జరిగేదో నాకు ప్రత్యక్షంగా తెలియదు. ఇంటికొచ్చాక వంటింట్లో వినిపించే నవ్వుల్ని బట్టి ఊహించుకోవడమే. ఒకసారి ఫ్రీవే ఎక్కి దిగే దారి దాటిపోయారట. అక్క "పోనీలే అమ్మాయ్, శాన్ హోజే కూడా చూసొద్దాం" అందట. నేనైతే మ్యాప్ తీసేవాణ్ణి.

కారుకి కొన్ని మార్పులు చేయించాం. ఎత్తు కోసం మా ఆవిడ మొదట దుప్పటి మడిచి వేసుకుంది. గట్టిగా బ్రేకు వేస్తే దుప్పటి ముందుకు జారి, మనిషి కిందికి జారుతోందని అక్క తీయించేసింది. సీట్లకు బట్ట కుట్టే షాపుకు తీసుకెళ్తే అతను సీటు విప్పి, అడుగున గట్టి ఫోమ్ వేసి, పై బట్ట యథాప్రకారం బిగించి ఇచ్చాడు. జారడమన్నది లేదు. లోపలి అద్దానికి బదులు వెడల్పాటిది పెట్టించాం. వెంకటేశ్వరస్వామి చిన్న బొమ్మను నేను డాష్‌బోర్డు మధ్యలో అతికించబోతే మా ఆవిడ పక్కకు జరిపించింది. మధ్యలో ఉంటే కుడివైపు మలుపులో మనిషి కనిపించడన్నది ఆమె మాట. ఇంతవరకూ చేసినవన్నీ నడిపే మనిషికి పనికొచ్చినవే.

చివరగా చేసింది కవర్లు.

మా చిన్నప్పుడు ఆంధ్రలో కారంటే అంబాసిడరే. కలెక్టరుదైనా, డాక్టరుదైనా, పెళ్లికి అద్దెకు తెచ్చిందైనా, దాని సీట్లకు తెల్లటి టవలు గుడ్డ కవర్లు ఉండేవి. కవర్లు లేని కారు ముస్తాబు కాని పెళ్లికూతురిలాగా ఉండేది మా కళ్లకి. పరీక్షకు వెళ్లే కారు శుభ్రంగా, గౌరవంగా ఉండాలని మా ఆవిడ అనుకుంది. నాకూ సబబుగానే తోచింది. సేల్‌లో తెల్ల టవళ్లు కొన్నాం. నేను కొలతలు తీశాను, ఆమె కుట్టు మిషను మీద వారం రోజులు కుట్టింది. అంచులకు నీలం పైపింగు వేసింది. సీటు కింద ముడివేయడానికి నాడాలు పెట్టింది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం ఇద్దరం కలిసి తొడిగాం.

ముందు సీట్ల మధ్య సీటు బెల్టు బిగించే బకిల్స్ పైకి పొడుచుకుని ఉండేవి. అవి కవరుని ఎత్తేస్తున్నాయి. వాటిని సందులోకి నొక్కి, పైన గుడ్డ సాపుగా లాగి, నాడాలు గట్టిగా ముడివేశాను. వెనక బెల్టులు సీటు కిందికి వెళ్లిపోయాయి. మేం ఇండియాలో ఎక్కిన ఏ కారులోనూ బెల్టు చూడలేదు. ఇక్కడ కూడా అప్పటికి పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్న చట్టం మా రాష్ట్రంలో రాలేదు. పాఠాల్లో అక్క తప్పకుండా పెట్టించేదట. కానీ కవరు తొడిగేటప్పుడు ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మా దృష్టిలో అవి సీటు అందం చెడగొట్టే పట్టీలు. తొడిగాక కొంచెం దూరం వెళ్లి నిలబడి చూసుకున్నాం. కారు చాలా బాగుంది.

గురువారం పొద్దున లైసెన్సు ఆఫీసుకి కారు నేనే నడిపాను. అక్క డ్యూటీ నుంచి తిన్నగా తన కారులో అక్కడికే వచ్చింది. వరసలో మా ముందు రెండు కార్లున్నాయి. పరీక్ష చేసే ఆయన పొడుగాటి మనిషి, పొట్టి చేతుల చొక్కా, చేతిలో అట్ట. మా ఆవిడ డ్రైవర్ సీట్లోకి మారింది. ఆయన కారు ముందు నిలబడి ఎడమ లైటు, కుడి లైటు, హారను చూశాడు. వెనక్కి వెళ్లి బ్రేకు లైటు చూశాడు. అన్నీ పనిచేశాయి. పక్క సీట్లో వచ్చి కూర్చుని, నైస్ కవర్స్ అన్నాడు. థాంక్యూ, నేనే కుట్టాను అంది మా ఆవిడ.

ఆయన బెల్టు లాగి, దాని కొసను పక్కన బిగించబోయాడు. చేతికి టవలు తగిలింది. ఇంకొంచెం వెనక తడిమాడు. అక్కడా టవలే. ఒక చేత్తో బెల్టు పట్టుకుని రెండో చేత్తో సీటంతా తడిమి, బకిల్ ఏదమ్మా అని అడిగాడు.

మా ఆవిడ కిందికి చూసింది. అప్పుడు ఆమెకు గుర్తొచ్చిందని తర్వాత చెప్పింది.

కవరు కింద ఉందని చెప్పింది. ఆయన దిగిపోయాడు. విసుక్కోలేదు. బెల్టు బిగించుకోకుండా నేను ఎవరి పక్కనా కూర్చోనమ్మా, నా ఉద్యోగం అలాంటిది, కౌంటర్‌లో ఇంకో తారీఖు తీసుకో అన్నాడు. అట్ట మీద కాగితంపై ఏదో రాయడానికి పెన్ను తీశాడు.

ఇంకో తారీఖంటే సోమవారం దాటిపోతుంది. నేనూ అక్కా కాస్త దూరంలో నిలబడి ఉన్నాం. మాకు మాటలు వినిపించలేదు, పెన్ను కనిపించింది. ఇద్దరం గబగబా వెళ్లాం. మా ఆవిడ దిగి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన భుజానికి కూడా అందడం లేదు.

"మీ తర్వాతి మనిషిని తీసుకెళ్లండి" అంది ఇంగ్లీషులో. "ఆ టెస్ట్ అయ్యి మీరు వచ్చేసరికి బెల్టు ఉంటుంది. లేకపోతే అప్పుడు రాయండి."

ఆయన వరసలో మా వెనక ఆగి ఉన్న కారు వైపు చూశాడు, ఈమె వైపు చూశాడు. పెన్ను జేబులో పెట్టుకుని వెనక కారు ఎక్కి వెళ్లాడు.

నేను వెంటనే మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టాను. నా ముళ్లు గట్టిగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి వేశాను.

"ఏం చేస్తున్నారు?" అంది మా ఆవిడ.

"ముడి విప్పుతున్నాను. ఒకటి వచ్చేట్టుంది."

"మీరు విప్పేసరికి ఆయన రిటైరై వెళ్లిపోతాడు. లేవండి. అక్కా, నీ దగ్గర బ్లేడుందా?"

అక్క యూనిఫాం జేబులోంచి కట్లు కోసే కత్తెర తీసింది. ఒక కొస మొద్దుగా, వంకరగా ఉండే నర్సుల కత్తెర.

"నువ్వు కొయ్యగలవా, నన్ను కొయ్యమంటావా?" అని అడిగింది. "వారం రోజులు కుట్టావు కదే."

"కుట్టినదాన్ని నేనేగా. ఇలా ఇయ్యి."

మొద్దు కొసను గుడ్డ కిందికి దూర్చి, నీలం పైపింగు దగ్గర మొదలుపెట్టి సీటు వెనక దాకా కోసేసింది. టవలు గుడ్డ కొయ్యడం అంత తేలిక కాదు. దారాలు కత్తెరకు చుట్టుకున్నాయి. అక్క రెండు వైపులా గుడ్డ బిగువుగా పట్టుకుని, "అంతే, అంతే, చర్మం తగలకుండా" అంటోంది, రోగికి చెప్పినట్టు. సందులోంచి బకిల్ బయటికి లాగారు. తర్వాత ఆమె చుట్టు తిరిగి వెళ్లి డ్రైవర్ సీటు కవరు కోసింది. నేను పక్కన నిలబడి రాలిన దారాలు ఏరాను. నాకు దొరికిన పని అది.

ఆయన తిరిగొచ్చేసరికి మా ఆవిడ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి ఉంది. ఆయన లోపలికి తొంగి చూసి, వేలాడుతున్న గుడ్డ పీలికల్ని పక్కకు తోసి కూర్చున్నాడు. బకిల్ టక్కుమన్న చప్పుడు మాకు బయటికి వినిపించింది. కారు వెళ్లిపోయింది.

"అక్కగారూ, పాసవుతుందంటారా?"

"అది నాకెలా తెలుస్తుంది బ్రదర్. నడపడం వచ్చు. అదైతే చెప్పగలను."

ఆ నిరీక్షణలో ఆమె తన కారు బానెట్‌కి ఆనుకుని నిలబడే కునుకు తీసింది. నేను గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇది కుదరకపోతే ఆమె మళ్లీ బట్టల కొట్టుకి వెళ్తుందా, ఇంకో ఆసుపత్రి కోసం చూస్తుందా, ఇంకెన్నేళ్లు చూస్తుంది, ఇలాంటివి వచ్చాయి మనసులోకి. కారు తిరిగొచ్చి, రెండు గీతల మధ్య నిదానంగా ఆగింది. ఆయన లోపలే కూర్చుని కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చెబుతున్నాడు. ఆమె ప్రతిదానికీ తలూపుతోంది. ఎదుటివాళ్లు తలూపుతుంటే పాసో ఫెయిలో చెప్పడం కష్టం.

దిగి వచ్చి కాగితం అక్క చేతికిచ్చింది. మలుపులు మరీ వెడల్పుగా తీస్తోందని, ఒక చోట అవసరానికి మించి నెమ్మదిగా వెళ్లిందని మార్కులు తగ్గించాడు. అడుగున పాస్ అని ఉంది.

"వెడల్పు మలుపులు నేను నేర్పినవే" అంది అక్క. "పోనీ, నెమ్మది మాత్రం మీ ఆయనది."

ఇంటికి నేను నడపబోతే మా ఆవిడ తాళం ఇవ్వలేదు. పక్క సీట్లో కూర్చున్నాను. బెల్టు పెట్టుకోమంది. ఆ కారులో నేను బెల్టు పెట్టుకోవడం అదే మొదలు. దారిలో ఏ సలహా ఇవ్వలేదు. ఒక చోట నా కుడి కాలు దానంతటదే బ్రేకు వేస్తున్నట్టు నేలని నొక్కింది, ఆమె చూసి నవ్వింది.

కవర్లు మళ్లీ కుట్టలేదు. శనివారం నేను తీరిగ్గా ముళ్లన్నీ విప్పి, వెనక సీటువి కూడా తీసేశాను. పాప కూర్చునే వైపు బెల్టు పైకి లాగి, గుంజి చూసి, గట్టిగా ఉందని తేల్చుకున్నాను. టవలు ముక్కలు చాలాకాలం కార్లు తుడవడానికి పనికొచ్చాయి. అప్పటి నుంచి కారుకి ఏదైనా అమర్చబోయే వాళ్లకు నేను ఒకటే చెబుతాను: అమర్చాక లోపల కూర్చుని, బెల్టు, అద్దాలు, బ్రేకు, లైట్ల స్విచ్చి ఒక్కొక్కటీ చేత్తో తాకి చూడండి. చెయ్యి అందనిదేదైనా ఉంటే, ఎంత బాగున్నా ఆ అలంకారం తీసేయండి.

ఆదివారం నేను రెండు కార్ల టైర్లలో గాలి చూసి, నీళ్లు, ఆయిలు చూసి, మర్నాటికి ఒక ఏర్పాటు చెప్పాను. పాపని అక్క పక్కింటావిడ దగ్గర కాసేపు ఉంచి, నేను వాగన్‌లో ఆమె వెనకే ఆసుపత్రి దాకా వెళ్లి వెనక్కొస్తాను.

"వద్దు" అంది మా ఆవిడ.

"మొదటి రోజు ఒక్కటే."

"మీరు వెనక వస్తుంటే నేను అద్దంలో మిమ్మల్నే చూస్తూ కూర్చుంటాను. ముందున్న రోడ్డెవరు చూస్తారు? పడుకోండి హాయిగా."

సోమవారం ఇంకా చీకటి ఉండగానే లేచి తయారైంది. టిఫిన్ బాక్సు, కోటు, స్వెట్టరు. కిటికీలోంచి చూస్తే లైట్లు వేసి, అద్దం సరిచేసుకుని, రెండు వైపులా చూసి, బయటికి తీసింది. మలుపు వెడల్పుగానే తిప్పింది. తర్వాత వీధి ఖాళీ.

నేను పాపకి పాలు కలిపి, ఇడ్లీ పెట్టి, ఫోను కనిపించేలా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరు దాటాక మోగింది. అక్క.

"బ్రదర్, గోధుమ రంగు కారు వచ్చింది. అందులో మనిషి కూడా వచ్చింది."

"ఏం చేస్తోంది?"

"తెల్ల కోటు వేసుకుంది. అప్పుడే ఎవరో మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లారు. నన్ను చూసి చెయ్యి ఊపింది, అంతే, మాట్లాడే తీరిక లేదట. ఉంటాను మరి, నాకు నిద్రొస్తోంది."

పాపకి జడలు వేయడం నాకు ఆ రోజు వరకూ రాదు. వచ్చినట్టు వేసి, బడిలో దింపి, ఆఫీసుకి వెళ్లాను.